పెరట్లో ఎత్తు డెక్కు: నల్లరేగడి నేల మీద కింది ఫ్రేమ్ ఎలా వేయాలి?

కల్లూరు పెరడు, కర్నూలు

అందరికీ నమస్కారం. మా ఇల్లు కర్నూలులో కల్లూరు వైపు. నేల నల్లరేగడి. వంటింటి వెనక తలుపు తీస్తే పెరడు రెండున్నర అడుగులు కిందికి ఉంటుంది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, మెట్లు దిగలేదు. అందుకని గడప మట్టానికే 16 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పుతో డెక్కు (కాళ్ళ మీద నిలిచే అరుగు) వేసి, దాని మీద కుండీలు పెట్టాలని ఉంది. పొద్దున్నే అమ్మ అలా వచ్చి కూర్చుని, చేతికందే కరివేపాకు తుంచుకోవాలి. అదీ నా ఆశ.

పైన ఏ పలకలు వేయాలో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. కింద ఫ్రేమ్ సంగతే ఎవరూ వివరంగా చెప్పడం లేదు. మేస్త్రీ అయితే ఇంటి గోడకు యాంగిల్ బిగించి ఒక పక్క దాని మీద ఆనించి, రెండో పక్క నాలుగు పైపులు అడుగున్నర లోతులో పాతితే చాలంటున్నాడు. నాకు ధైర్యం చాలడం లేదు. ఎన్ని కాళ్ళు పెట్టాలి, ఎంత లోతు తీయాలి, ఏ సైజు ఇనుము కొనాలి? అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.

వెల్డింగ్ పని, ఆదోని

అన్నా, పైపులు నేరుగా మట్టిలో పాతొద్దు. అది మాత్రం గట్టిగా చెప్తున్నా. మట్టి మట్టంలో, అంటే తడి, గాలి రెండూ తగిలే చోట పైపు ముందు తుప్పు పడుతుంది. పైనుంచి చూస్తే రంగు బాగానే ఉంటుంది, కింద చెయ్యి పెట్టి గీరితే పొరలు పొరలుగా ఊడి వస్తుంది. సిమెంటు దిమ్మ నేల కంటే ఆరంగుళాలు పైకి లేపి, దాని మీద బేస్ ప్లేటు, బోల్టులు. కాలు దాని మీద నిలబెట్టాలి. మిగతాది ఇంజనీర్లు చెప్తారు.

పెరటి పూలు, ఎమ్మిగనూరు

తమ్ముడూ, గోడకు ఆనించే పని మాత్రం చేయించకు. మా వీధిలో ఒకరింట్లో ఇలాగే ఒక పక్క గోడకు, ఇంకో పక్క గుంతల్లో పాతిన పైపులకు వేశారు. వేసిన కాంట్రాక్టరు ఏం కాదన్నాడు. ఒక్క వానాకాలం గడిచేసరికి బయటి పక్క పైకి లేచింది. గోడ పక్కన నీళ్ళు నిలవడం మొదలైంది, గోడలో బోల్టుల చుట్టూ చీలికలు వచ్చాయి. ఎండాకాలం మళ్ళీ దిగింది, కానీ అన్ని కాళ్ళూ సమానంగా దిగలేదు. ఇప్పుడు నడిస్తే ఒక మూల టకటకమంటుంది. వాళ్ళ ముసలాయన అటు పోవడమే మానేశాడు. మీ అమ్మగారి కోసం వేస్తున్నావు కాబట్టి చెప్తున్నా.

రేగడి ఇంజనీర్, కర్నూలు

అక్క చెప్పినదే ఇక్కడ అసలు సంగతి. నల్లరేగడిలో ఉండే బంకమట్టి నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. మే నెలలో మీ పెరట్లో బీటల్లో చెయ్యి దూరుతుంది కదా, ఆ బీటలు ఎంత లోతుకు పోతాయో అంత లోతు నేల ఏటా కదులుతూ ఉంటుందని అర్థం. అడుగున్నర లోతులో పాతిన కాలు ఆ కదిలే పొర మధ్యలోనే ఉంటుంది. ఇల్లు బరువుగా, లోతు పునాదితో ఉంటుంది కాబట్టి పెద్దగా కదలదు. తేలికైన డెక్కు కదులుతుంది. కదిలేదాన్ని కదలనిదానికి కట్టేస్తే ఏదో ఒకటి చీలాల్సిందే. కాబట్టి డెక్కు తన కాళ్ళ మీద తాను నిలబడాలి. గోడకు, దానికి మధ్య అంగుళం సందు వదలండి. సందు కనపడకూడదంటే పైన ఒక రేకు పట్టీ వేసి, ఒక్క డెక్కు వైపే స్క్రూలు బిగించండి.

ఇక కాళ్ళు. నాలుగు చోట్ల కాదు, ఎనిమిది చోట్ల కాదు, ఆరు పెట్టండి. నల్లరేగడిలో చిన్న చిన్న కాళ్ళు ఎక్కువ పెట్టడం మంచిది కాదు. ఒక్కో కాలి మీద బరువు తగ్గేకొద్దీ ఉబ్బే మట్టి దాన్ని సులువుగా పైకి తోస్తుంది. తక్కువ కాళ్ళు, ఒక్కోదాని మీద ఎక్కువ బరువు, ఎక్కువ లోతు. ఇదే ఈ నేలకు సరిపడే పద్ధతి.

గోడ నుంచి రెండడుగుల దూరంలో ఒక వరుస, అక్కడి నుంచి ఆరున్నర అడుగులకు రెండో వరుస, దాని అవతల అడుగున్నర వేలాడుతుంది. పొడవులో చివర్ల నుంచి అడుగు వదిలి, ఏడేసి అడుగులకు ఒక కాలు. వరుసకు మూడు, మొత్తం ఆరు.

లోతు సంగతి. అన్నిటికంటే మంచిది అండర్ రీమ్డ్ పైలు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ మన నల్లరేగడి నేలల కోసం తీర్చిదిద్దిన పద్ధతి ఇది, భారత ప్రమాణం ఐఎస్ 2911 మూడో భాగంలో ఉంటుంది. ఆగరుతో సన్నటి గుంత తవ్వి, అడుగున దాన్ని గుండ్రంగా, కాండం కంటే రెండున్నర రెట్లు వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు. ఆ ఉబ్బు భాగం కదలని పొరలో చిక్కుకుని కాలిని కిందికి పట్టి ఉంచుతుంది. సాధారణంగా మూడున్నర మీటర్ల దాకా పోతారు. మీ ఊళ్ళో ఆ పని చేసేవాళ్ళు దొరికితే అదే చేయించండి.

దొరక్కపోతే ఐదడుగుల గుంత. అడుగున రెండడుగుల చదరం కాంక్రీటు పాదం, దాని మీద కడ్డీలు, రింగులతో అడుగు చదరం దిమ్మ. దిమ్మ చుట్టూ మందపాటి పాలిథిన్ షీటు రెండు చుట్లు చుట్టండి. మట్టి ఉబ్బినప్పుడు దిమ్మను పట్టుకుని పైకి లాగకుండా జారిపోతుంది. గుంతను తవ్విన నల్లమట్టితో పూడ్చకండి, గరుసు తెచ్చి పొరలు పొరలుగా దిమ్మిస చేయించండి. ఒక జాగ్రత్త: గోడ వైపు గుంతలు మీ ఇంటి పునాది అడుగు కంటే కిందికి పోకూడదు. ముందు ఒక చోట తవ్వి పునాది ఎంత లోతుందో చూసుకోండి.

అనంత మిద్దెతోట, అనంతపురం

మా అనంతపురంలో ఈ తిప్పలు లేవు. మాది ఎర్రనేల. రెండడుగులు తవ్వితే గరుసు తగులుతుంది, ఇంకాస్త పోతే గడ్డపార ఎగిరి పడుతుంది. మా పెరటి డెక్కు రెండడుగుల పునాది మీదే నిలబడి ఉంది. కాబట్టి మా వైపు వాళ్ళు ఐదడుగులు తవ్వి డబ్బు పోసుకోనక్కర్లేదు. అలాగే మా వైపు కొలతలు చూసి కర్నూలు వాళ్ళు మోసపోకూడదు. ఇంటర్నెట్‌లో చూపించే డెక్కుల లోతులు కూడా అంతే. చలిదేశాల్లో నేల గడ్డకట్టే లోతును బట్టి అక్కడ లెక్కలు వేస్తారు. మనకు మంచు బాధ లేదు, ఉబ్బే మట్టి బాధ ఉంది.

బరువు సంగతి ఎవరూ ఎత్తలేదు. డెక్కు మీద ఏం పెడతారు? కుండీలేనా, మట్టి బెడ్లు కూడానా?

కల్లూరు పెరడు, కర్నూలు

రేగడి సార్, ఇంత ఓపికగా రాసినందుకు చాలా థాంక్స్. గోడకు ఆనించే మాట ఇక మర్చిపోయాను.

అనంత గారూ, కుండీలు ఒక ఇరవై ఉంటాయి. దానితో పాటు గోడకు ఎదురు అంచున 10 అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగు లోతు బెడ్డు కట్టి ఆకుకూరలు వేయాలని ఉంది. నీళ్ళకు 200 లీటర్ల డ్రమ్ము ఒకటి.

అనంత మిద్దెతోట, అనంతపురం

అక్కడే ఆగండి. ఇళ్ళలో బాల్కనీలకు ఐఎస్ 875 ప్రకారం చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్లు, అంటే సుమారు 300 కిలోలు లెక్క వేస్తారు. చదరపు అడుగుకు 28 కిలోలు అనుకోండి. మనుషులు, కుర్చీలు, మామూలు కుండీలు అందులో సరిపోతాయి. కానీ అడుగు లోతు తడిమట్టి చదరపు అడుగుకు 45 నుంచి 50 కిలోలు తూగుతుంది. మీ బెడ్డు 20 చదరపు అడుగులు, అంటే టన్ను దాకా పోతుంది. అదీ ఒక్క అంచున! పైగా రేగడి సార్ వేసిన కొలతల్లో ఆ అంచు అడుగున్నర వేలాడుతోంది.

మిద్దె తోటలో మేము నేర్చుకున్నది ఒక్కటే: బరువు ఎప్పుడూ దూలం మీద, లేదా గోడ మీద. మట్టి బదులు కోకోపీట్, వర్మీ కంపోస్ట్ ఎక్కువ కలిపితే చాలా తేలికవుతుంది. నా సలహా అడిగితే బెడ్డును డెక్కు ఎక్కించకండి. డెక్కు అంచును ఆనుకుని నేల మీదే ఇటుకలతో, డెక్కు మట్టం దాటి పైకి వచ్చేంత ఎత్తు తొట్టి కట్టండి. అమ్మగారు డెక్కు మీద కుర్చీలో కూర్చుని చెయ్యి చాస్తే ఆకుకూర అందుతుంది. ఫ్రేమ్ మీద కిలో బరువు పడదు. డ్రమ్ము కూడా నేల మీదే పెట్టి చిన్న మోటారు పెట్టుకోండి.

పెరటి పూలు, ఎమ్మిగనూరు

నేల మీద ఎత్తు తొట్టి ఆలోచన చాలా బాగుంది. మా అత్తమ్మకు ఇలాగే ఉంటే ఎంత సంతోషపడేదో.

నాపరాయి, కడప

అందరూ ఇనుము గురించే మాట్లాడుతున్నారు. మా కడప జిల్లాలో రాయి ఇంటి ముందే దొరుకుతుంది. అసలు ఫ్రేమ్ ఎందుకు? చుట్టూ రాతి గోడ కట్టి, లోపల గరుసు నింపి, పైన నాపరాళ్ళు పరిస్తే అరుగులా నిలుస్తుంది. తుప్పు లేదు, చెదలు లేవు, చప్పుడు లేదు. మా పెరట్లో అదే ఉంది, మా నాన్న కట్టించింది.

రేగడి ఇంజనీర్, కర్నూలు

గరుసు నేల అయితే మీ మాటే మంచిది. ఈ ఇంటికి రెండు ఇబ్బందులున్నాయి. గడప మట్టం దాకా నింపితే ఇంటి గోడలో తేమ ఆపడానికి వేసిన డీపీసీ పొర కంటే పైకి మట్టి వస్తుంది, చెమ్మ దాన్ని దాటి వంటింట్లోకి ఎక్కుతుంది. ఇక 160 చదరపు అడుగుల్లో రెండున్నర అడుగులు నింపితే 400 ఘనపుటడుగులు, తూకం 20 టన్నులు. అంత బరువు మోసే గోడలు కూడా అదే కదిలే నేల మీద నిలబడాలి. రోజూ మొక్కలకు పోసే నీళ్ళు అందులోకే దిగుతాయి.

నాపరాయి, కడప

గోడకు అడుగు దూరంలో విడిగా గోడ కట్టుకుంటే చెమ్మ ఎక్కదు సార్. మా ఇంట్లో అలాగే ఉంది. కానీ మాది రాతి నేల, అది నిజమే. సరే, ఫ్రేమే వేస్తే పైన పరచడానికైనా రాళ్ళు వాడొచ్చా?

రేగడి ఇంజనీర్, కర్నూలు

వాడొచ్చు, బరువు లెక్కలో వేసుకుంటే. అంగుళం మందం రాయి చదరపు అడుగుకు ఆరు కిలోలు ఉంటుంది. రాయి వంగదు, విరుగుతుంది. కాబట్టి కింద అడ్డ పైపులు దగ్గరగా ఉండాలి, రాయి అంచు ప్రతిదీ పైపు మీదే ఆనాలి. నల్ల కడప రాయి మాత్రం వద్దంటాను. మే నెల మధ్యాహ్నం దాని మీద పాదం మోపలేం, పాలిష్ చేసింది తడిస్తే జారుతుంది. పెద్దవాళ్ళు నడిచే చోటు అది.

నాపరాళ్ళకు ఇంతకంటే మంచి పని ఉంది: డెక్కు కింద నేల మీద పరచండి. బేతంచెర్ల రాళ్ళు అయినా సరే. ఇంటి వైపు నుంచి బయటికి వాలుగా, పది అడుగులకు కనీసం రెండంగుళాలు వాలు. కుండీల నీళ్ళు కారినా, వాన పడినా దిమ్మల పక్క మట్టిలోకి ఇంకకుండా కాలువలోకి పోతాయి. నల్లరేగడిలో ఉబ్బడం కంటే చేటు చేసేది ఒక పక్క తడి, ఒక పక్క పొడి. అన్ని కాళ్ళ కిందా నేల ఒకే తీరుగా ఉంటే సగం బాధ పోయినట్టే. దగ్గర్లో పెద్ద వేపచెట్టు ఉందా? దాని వేర్లు కూడా ఒక పక్క నేలను ఎండబెడతాయి.

కల్లూరు పెరడు, కర్నూలు

వేపచెట్టు ఉంది, కానీ పక్క ఇంటి వాళ్ళది, 30 అడుగుల దూరంలో.

ఇనుము సైజులు చెప్పండి. కొట్టులో 50×50 మిల్లీమీటర్ల పైపు చాలన్నారు, మేస్త్రీ 75 మిల్లీమీటర్ల ఛానల్ (C ఆకారపు ఇనుప దూలం) అన్నాడు. ఇంకో మాట. మా తాతగారి ఊళ్ళో మట్టి మిద్దె పడగొట్టినప్పుడు తెచ్చిన పాత దూలాలు నాలుగు ఉన్నాయి. వాటిని వాడొచ్చా?

రేగడి ఇంజనీర్, కర్నూలు

30 అడుగుల దూరమైనా పెద్ద చెట్టయితే వేర్లు రావచ్చు, గమనిస్తూ ఉండండి.

మీ తాతగారి మిద్దెలో దూలం మీద దంతెలు పేర్చినట్టే ఇక్కడా రెండు వరసలు. గోడకు సమాంతరంగా రెండు దూలాలు, వాటి మీద అడ్డంగా పైపులు, పైన పలకలు.

దూలానికి 100 ఛానల్ వాడండి. నడిమి కాలి మీద అన్నీ కలిపి సుమారు టన్నున్నర పడుతుంది. ఏడడుగుల సందుకు 75 ఛానల్ అంచు మీద నిలుస్తుంది, 100 అయితే నిశ్చింత.

అడ్డ పైపులకు 50×50 కాకుండా 80×40, 3 మిల్లీమీటర్ల మందం. నిలువుగా, అంటే 80 ఎత్తుగా వచ్చేలా పెట్టాలి. ఆరున్నర అడుగుల సందులో, 16 అంగుళాల ఎడంతో నిండు బరువు వేస్తే 50×50 దాదాపు 7 మిల్లీమీటర్లు వంగుతుంది, 80×40 మూడు లోపే. మీటరుకు కిలో లోపే ఇనుము ఎక్కువ. విరగదు కదా అని 50×50 వేస్తే నడిచినప్పుడల్లా ఊగుతుంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి కాళ్ళ కింద ఊగే నేల మీద నమ్మకం కుదరదు. ఇక్కడ మాత్రం పొదుపు చేయకండి.

పైన డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) పలకలు వేస్తే 16 అంగుళాల ఎడం చాలామంది ఒప్పుకుంటారు, కొందరు 12 అడుగుతారు. పలక కొన్నాక దాని కంపెనీ చెప్పిన ఎడం చూసుకుని పైపులు కోయించండి. పైపులు కోసేశాక పలక వెతుక్కోవద్దు.

పాత దూలాలు బరువు మోసే చోట వద్దు. లోపల చెద ఎంత తిన్నదో పైకి తెలియదు. వాటితో అమ్మగారికి బెంచీ చేయించండి.

వెల్డింగ్ పని, ఆదోని

సార్ చెప్పిన దానికి నా వైపు నుంచి కొన్ని.

పైపు పొడవు 6 మీటర్లు వస్తుంది, అంటే 19 అడుగుల 8 అంగుళాలు. దాంట్లో 10 అడుగుల ముక్కలు రెండు రావు. డెక్కు వెడల్పు 9 అడుగుల 9 అంగుళాలు పెట్టుకో అన్నా, కోత పోను రెండు ముక్కలు సరిగ్గా వస్తాయి. 16 అడుగులకు 16 అంగుళాల ఎడంతో 13 అడ్డ పైపులు, ఏడు పొడవులు చాలు. మిగిలిన సగం బ్రేసింగుకు, అంటే ఊగకుండా వేసే ఏటవాలు ముక్కలకు పనికొస్తుంది. మూడంగుళాల కోసం ఇంకో ఆరు పొడవులు కొనాల్సిన పని లేదు.

ఎత్తు లెక్క కూడా ముందే రాసుకో. గడప కంటే పైపలక అంగుళం కిందికి ఉండాలి, లేకపోతే వాననీళ్ళు వంటింట్లోకి వస్తాయి. అక్కడి నుంచి పలక అంగుళం, పైపు మూడుంబావు, ఛానల్ నాలుగు, దిమ్మ ఆరు. పోగా కాలికి మిగిలేది దాదాపు 15 అంగుళాలు. పొట్టి కాళ్ళే కదా అని బ్రేసింగు మానొద్దు. గోడకు కట్టడం లేదు కాబట్టి ఎవరైనా పరిగెత్తితే డెక్కు పక్కకు ఊగుతుంది. రెండు దిక్కులా ఏటవాలు యాంగిల్ ముక్కలు వెయ్యాల్సిందే.

బేస్ ప్లేటు 8 అంగుళాల చదరం, 10 మిల్లీమీటర్ల మందం, నాలుగు 16 మిల్లీమీటర్ల బోల్టులు. ప్లేటు కింద ఒక నట్టు, పైన ఒక నట్టు. కింద సిమెంటుతో పూడ్చేయొద్దు. రేపు ఒక కాలు పావు అంగుళం లేచినా దిగినా, రసమట్టం పెట్టి స్పానరుతో సరిచేసుకోవచ్చు. బోల్టు మరలకు గ్రీజు పూసి ఉంచు. నేను రేగడిలో వేసిన షెడ్లన్నిటికీ ఇదే పద్ధతి.

పైపు నోళ్ళు ప్లేటు ముక్కలతో మూసి చుట్టూ వెల్డింగ్ చెయ్యాలి. మూయకపోతే లోపల నీళ్ళు చేరి లోపలి నుంచి తింటుంది. పైగా తేళ్ళు, జెర్రులు కాపురం పెడతాయి. జీఐ (జింకు పూత ఉన్న) పైపు అయితే వెల్డింగ్ చేసిన చోట జింకు కాలిపోతుంది, అక్కడ జింకు పెయింటు వేయించు. మామూలు ఇనుమైతే తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ రెండు కోట్లు, పైన ఎనామిల్. పైపుల పై ముఖానికి పలకలు వేసేముందే రంగు పూర్తి కావాలి, తర్వాత బ్రష్ దూరదు. ఎరువు నీళ్ళు, జీవామృతం కారే చోట తుప్పు తొందరగా వస్తుంది, కాబట్టి కుండీల కింద ప్లేట్లు పెట్టుకోండి.

పెరటి పూలు, ఎమ్మిగనూరు

కింద శుభ్రం చేయడానికి దారి వదులు తమ్ముడూ. చుట్టూ రేకులతో మూసేస్తే లోపల ఎండుటాకులు చేరతాయి, పాములు దూరతాయి. ఒక పక్క జాలీ తలుపులా తీసేటట్టు పెట్టు. గాలి కూడా ఆడాలి.

రెయిలింగు తప్పనిసరి. అమ్మ దాన్ని పట్టుకునే లేస్తుంది.

వెల్డింగ్ పని, ఆదోని

అక్క చెప్పింది నిజం. రెయిలింగు కాళ్ళు పలకలకు స్క్రూ చేస్తే చేతికే ఊడొస్తాయి. దూలానికి లేదా అడ్డ పైపుకు బోల్టు వెయ్యాలి. చోట్లు ఇప్పుడే గుర్తు పెట్టుకుంటే ప్లేట్లు ముందే అతికిస్తాం.

అనంత మిద్దెతోట, అనంతపురం

ఎండకు షేడ్ నెట్ వేస్తారా? వేసేట్టయితే ఆ కాళ్ళను డెక్కు ఫ్రేమ్‌కు బిగించే ముందు ఆలోచించండి. వేసవిలో వచ్చే గాలివానలకు నెట్ తెరచాపలా లాగుతుంది. ఆ ఊపంతా ఫ్రేమ్ మీదికి వస్తుంది. మేము నెట్ కాళ్ళకు వేరే పునాది వేశాం. గాలి గట్టిగా ఉన్న రోజు విప్పేసేలా తాళ్ళతో కట్టాం.

కల్లూరు పెరడు, కర్నూలు

ఇది చదివాక మనసు కుదుటపడింది. మేస్త్రీకి కాగితం మీద గీసి ఇచ్చాను. ఆరు కాళ్ళు, గోడకు సందు, ఆకుకూరల తొట్టి నేల మీద. గుంతల లోతు చూసి ఆయన గొణిగాడు కానీ ఒప్పుకున్నాడు. అండర్ రీమ్డ్ పైలు చేసేవాళ్ళ కోసం వెతుకుతున్నాను. దొరక్కపోతే ఐదడుగుల గుంతలే.

ఒక్క సందేహం మిగిలింది. నేల ఇప్పుడు బీటలు వారి ఉంది. ఇప్పుడే తవ్వమంటారా, వానలు పోయాక తవ్వమంటారా?

రేగడి ఇంజనీర్, కర్నూలు

వానలు పోయాక. బీటలు వారినప్పుడు నేల బాగా ముడుచుకుని ఉంటుంది, ఇప్పుడు వేస్తే వచ్చే మార్పంతా పైకే. ముసురులో వేస్తే మార్పంతా కిందికి. నవంబరు, డిసెంబరు నెలల్లో తడి మధ్యస్తంగా ఉంటుంది, తవ్వడం కూడా సులువు. గుంత తవ్విన రోజే పాదం కాంక్రీటు పోసేయండి, ఎండకు గుంత గోడలు ఆరనివ్వకండి. ఈలోగా వాననీళ్ళు పెరట్లో ఎటు పోతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో ఈ సీజన్ అంతా చూసి గుర్తులు పెట్టుకోండి. ఆ గుర్తుల ప్రకారం ముందు కాలువ తీయించండి, తర్వాతే గుంతలు.

వెల్డింగ్ పని, ఆదోని

కాళ్ళు మాత్రం దిమ్మలు పోశాక, ఒక్కో దిమ్మ దగ్గర కొలిచి కోయించు అన్నా. ఆరు దిమ్మలూ ఒకే మట్టానికి రావు.